ఏడు చొక్కాలు, ఒకటే తూకం

ముప్పైమూడేళ్లు మనుషులను తూచి బతికాను. నర్సు ఉద్యోగమంటే సూదులూ సెలైన్లూ అనుకుంటారు బయటివాళ్లు. మెదక్‌లో నా చివరి పదకొండేళ్ల కొలువంతా ఒక బరువు మిషన్, గోడకు కొట్టిన ఎత్తు స్కేలు, ఒక రిజిస్టర్, మూడు రంగుల చుక్కల స్టిక్కర్లు. ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చుని, ఒక కన్ను ఫోన్లో, ఒక కన్ను రిజిస్టర్‌లో పెట్టి పనిచేస్తున్న పిల్లలూ, మీ కోసమే ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్పలేమీ లేవు. ఒక తప్పుంది. ఆ తప్పుకు నాకు శాలువా కూడా కప్పారు.

దవాఖాన పేరు చెప్పను. బస్టాండు నుంచి చర్చి వైపు పోయే దారిలో ఎక్కడో ఉందనుకోండి. బీపీ, షుగర్ చూసే గది నాది. ముప్పై దాటినవాళ్లు నెలకోసారి వచ్చేవారు. నేను బరువు చూసి, ఎత్తు చూసి, గోడ మీది పట్టికలో బీఎంఐ వెతికి, కార్డు మీద చుక్క అంటించేదాన్ని. సరిపడా ఉంటే పచ్చ, కొంచెం ఎక్కువైతే పసుపు, బాగా ఎక్కువైతే ఎరుపు. బీఎంఐ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది దానికి తెలియదు. దానికి తెలియదన్న సంగతి నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ రోజుకు అరవై చుక్కలు అంటించే మనిషికి చుక్కే దేవుడవుతుంది.

నాకు ఇంకో పొగరు కూడా ఉండేది. రేగోడ్ నుంచి బదిలీ మీద మెదక్ వచ్చిన రోజు నా బరువు యాభైఆరు కిలోలు. పదేళ్ల తర్వాతా యాభైఆరే. ఎర్ర చుక్క పడినవాళ్లను నిలబెట్టి, "నన్ను చూడుండ్రి. గింత గూడ మారలే. నోరు కట్టుకుంటే ఎవలకైనా అయితది" అని దబాయించేదాన్ని.

ఒక వేసవిలో షుగర్ చూసే స్ట్రిప్పులు సగమే వచ్చాయి. వరుసలో జనం, డబ్బాలో నాలుగు స్ట్రిప్పులు. అప్పుడు నా బుర్రకు తట్టింది. పసుపు, ఎరుపు వాళ్లకే వేలు గుచ్చుదాం, పచ్చవాళ్లను పంపించేద్దాం. "పచ్చ చుక్కకు సూది దండుగ" అని చార్టు మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి గోడకు అంటించాను. తనిఖీకి వచ్చిన పెద్దసారు అది చూసి ముచ్చటపడి ఫోన్లో ఫోటో తీసుకున్నారు. చుట్టుపక్కల మండలాల గ్రూపులన్నింటికీ పంపారు. ఆ సంవత్సరం నర్సుల దినం నాడు నాకు శాలువా. రెండు నెలలకు స్ట్రిప్పులు మామూలుగా రావడం మొదలైంది. చార్టు మాత్రం గోడ మీదే ఉండిపోయింది. ఎవరూ తీయమనలేదు, నాకూ తీయబుద్ధి కాలేదు. సొంత చేతిరాత ఎవరికి చేదు?

నా గదికి వచ్చేవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ. ఎనభైనాలుగు కిలోలు, ఎప్పుడూ ఎర్ర చుక్కే. మెడ ఉందో లేదో తెలియని మనిషి. నెలనెలా ఆయనకు అక్షింతలు పడేవి. "అన్నం తగ్గియ్యరాదె?" అంటే, "తగ్గిస్త గని, బస్తా లేపనీకి మీరొస్తరా సిస్టరమ్మా?" అని నవ్వేవాడు.

రెండో ఆయన చర్చి దారిలో మగవాళ్ల బట్టలు కుట్టే టైలర్. యాభై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. చర్చి పాటల బృందానికి గౌన్లు కుట్టేది ఆయనే, మా దవాఖాన తెల్లకోట్లు కుట్టేదీ ఆయనే. అరవై ఒక్క కిలోలు. బీఎంఐ ఇరవైరెండున్నర. పచ్చ చుక్క. ఈయనను హమాలీకి చూపించి, "మనిషంటే గిట్లుండాలె" అనేదాన్ని. టైలర్ సిగ్గుపడి టేపును మెడ చుట్టూ సర్దుకునేవాడు.

అలాంటి రోజుల్లో ఎవరో దాత మాకు కొత్త మిషన్ ఒకటి ఇచ్చాడు. ఒంట్లో కొవ్వు శాతం చెప్పే మిషన్. రెండు చేతులతో రెండు పిడులు పట్టుకుంటే, మనకు తెలియనంత సన్నటి కరెంటు ఒక అరచేతి నుంచి ఒళ్లంతా తిరిగి రెండో అరచేతికి వస్తుంది. నీరున్న కండలో అది సులువుగా పోతుంది, కొవ్వులో అడ్డు తగులుతుంది. ఆ అడ్డును బట్టి మిషన్ అంచనా కడుతుంది. తిని పట్టుకుంటే ఒక అంకె, తినక పట్టుకుంటే ఇంకో అంకె. అంత కచ్చితమేమీ కాదు.

మొదటి రోజు వరుసలో ఆ ఇద్దరే ముందున్నారు. హమాలీ పట్టుకున్నాడు. పద్దెనిమిది. టైలర్ పట్టుకున్నాడు. ముప్పైరెండు. ఆడవాళ్లకైతే ముప్పైరెండంటే అంత బెంగపడే పని లేదు, మన ఒంటి తీరే వేరు. మగవాడికి అది చాలా ఎక్కువ. అదీ పచ్చ చుక్క మగవాడికి!

నేను పకపకా నవ్వాను. "పాయె, మిషన్ పుట్టుకతోనే చెడిపోయింది."

మా ల్యాబ్ టెక్నీషియన్ నవ్వలేదు. ఆయన మాట తక్కువ మనిషి. ఎప్పుడూ లవంగం నములుతూ, ఎవరు ఏమన్నా ఒక క్షణం ఆగి జవాబిచ్చేవాడు. "మిషన్ చెడిపోలేదు సిస్టర్," అన్నాడు. "మనకు నచ్చంది చెప్తున్నది, గంతే."

"గట్లయితే మీరే దాన్ని పెండ్లి చేసుకోండ్రి," అని మిషన్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాను.

తర్వాత కొన్ని నెలలకు టైలర్ ఒకరోజు బరువు చూసుకుని కూడా కదలకుండా నిలబడ్డాడు. "సిస్టరమ్మా, నా కొలత తప్పుతున్నది," అన్నాడు.

"తూకం తప్పలేదు కద. అరవై ఒకటే."

"అదే నా పరేషాన్. తూకం తప్పుతలేదు, కొలత తప్పుతున్నది." ఆయన గొంతు తగ్గించాడు. వరుసలో ఉన్నవాళ్లు వింటారని. "నా లోపల ఎవలో నన్ను తీసేస్తున్నరు. తీసినంత ఇంకోటి పెడుతున్నరు. కాంటకు తెల్వకుంట, సరిగ్గ తూచి పెడుతున్నరు."

ఆ మాటకు నా చేతి మీద వెంట్రుకలు లేచాయి. మీతో అబద్ధమెందుకు, లేచాయి. కానీ పచ్చ చుక్క తీసి అంటించి, "రాత్రి సరిగ్గ పండుకోండ్రి, అన్నీ సర్దుకుంటయ్" అని పంపించాను.

ఆ వారమే దవాఖాన పరదాలు కుట్టించే పని పడి ఆయన దుకాణానికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. దారి మీద ఎండ కాలుతోంది, దుకాణంలో మాత్రం చల్లగా, కొత్త గుడ్డ వాసన. ఆయన నన్ను కూర్చోమని వెనక గదిలోకి పిలిచాడు. అక్కడ ఒక తీగ మీద ఏడు చొక్కాలు వరుసగా వేలాడుతున్నాయి. అన్నీ ఒకే తాను గుడ్డ, తెలుపు మీద సన్న నీలం గీత. ఒక్కో చొక్కా జేబుకు గుండుసూదితో ఒక చీటీ.

"రెండు నెలలకొకటి కుట్టుకున్న," అన్నాడు. "ఒంటికి ఎంతుంటే గంతే. లూజు లేదు, టైటు లేదు."

మొదటి చొక్కా మామూలు మనిషిది. రెండోదాని చేతులు ఒక వేలంత సన్నం. మూడోదానికి భుజాలు కిందికి జారాయి. అలా పోయేకొద్దీ చేతులు చిక్కుతూ, ఛాతీ కుంగుతూ, పొట్ట దగ్గర గుడ్డ ముందుకు పొంగుతూ వచ్చింది. ఏడో చొక్కా వేసుకునే మనిషి మొదటి చొక్కా వేసుకునే మనిషికి చుట్టం కూడా కాడు. చీటీలు చూశాను. మీద కొలతలు, కింద నా రిజిస్టర్‌లోని బరువు. అరవై ఒకటి. అరవై ఒకటి. ఏడు చీటీల మీదా అరవై ఒకటే. గాలి లేదు, ఫ్యాను లేదు. ఆ చివరి చొక్కా పొట్ట మాత్రం లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు కాస్త ఉబ్బి కనిపించింది. గుడ్డ కత్తిరింపే అలా ఉందని తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం నాకు ఆ గదిలో మాకిద్దరికీ తోడు ఇంకో మనిషి ఉన్నాడనిపించింది.

"కాళ్లు గూడ చూడుండ్రి," అని ప్యాంటు పైకి లాగాడు. పిక్కలు లేవు. ఎముక మీద తోలు.

భయపడ్డ మనిషి ఏం చేస్తాడు? తెలిసినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. నేను కుట్టు మిషన్ వైపు చూశాను. దానికి కొత్తగా మోటారు బిగించి ఉంది. "అగో, దొరికింది దొంగ! మోటారు పెట్టినంక కాళ్లకు పని లేదు. తొక్కుడు బందయింది, పిక్కలు పోయినయ్. పొద్దుగాల నలభై నిమిషాలు నడవుండ్రి. వట్టి కాళ్లతోని గడ్డి మీద నడిస్తే ఇంక మంచిది," అన్నాను. సగం నిజమే చెప్పాను. కండ అలాగే పోతుంది. కానీ వేలు గుచ్చి చూద్దామన్న ఆలోచన ఆ ఎండలో దవాఖాన దాకా నడిచినా రాలేదు. ఏడు చొక్కాలు చెప్పినదాని కంటే నా చార్టు మీదే నాకు గురి.

నెలన్నర తర్వాత ఒక మంగళవారం. వరుస పెద్దగా ఉంది. టైలర్ వంతు వచ్చింది. చెప్పులు బయట విడిచి కాంటా ఎక్కాడు, దిగాడు. పాదం ఎత్తినప్పుడు ఎడమ కాలి కింద నీలం దారం ఒకటి వేలాడుతూ కనిపించింది. టైలర్ ఒంటి మీద దారప్పోగులు లేని రోజు ఉండదు కదా. వంగి దులిపాను. రాలేదు. పట్టుకుని లాగాను. దారం బిగిసింది. దారంతో పాటు అరికాలి తోలు కొంచెం పైకి లేచింది.

నేను తల ఎత్తి ఆయన ముఖం చూశాను. నొప్పి జాడే లేదు. ఆయన చూపు ఇంకా కాంటా ముల్లు మీదే ఉంది.

"అరవై ఒకటే గద, సిస్టరమ్మా?" అన్నాడు.

కూర్చోబెట్టి పాదం తిప్పి చూశాను. వేళ్ల మొదట్లో, తోలు కింద, సగం విరిగిన సూది. సూది బెజ్జంలో దారం అలాగే ఉంది. చుట్టూ నల్లగా కమిలి, వాసన మొదలైంది. "ఇది ఎప్పుడు దిగింది?" అన్నాను.

ఆయన తన పాదాన్ని పరాయివాడి పాదాన్ని చూసినట్టు చూశాడు. "నాకు తెల్వదు. ఆ నీలం దారం... అది మొన్నటి ఆయితారం కాదు, అంతకు ముందటి ఆయితారం పని." తర్వాత, నాకు శుభవార్త చెబుతున్నట్టు, "మీరు చెప్పినకాంచి ఒక్క దినం గూడ నడుసుడు తప్పలేదు, సిస్టరమ్మా," అన్నాడు.

తొమ్మిది రోజులు. రోజుకు నలభై నిమిషాలు. సూది మీద.

టెక్నీషియన్ వేలు గుచ్చాడు. గ్లూకోమీటర్ మీద అంకె రాలేదు. అంకెకు బదులు రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఇంత షుగర్‌ను నేను లెక్కపెట్టలేను అని దాని అర్థం. మా డాక్టరమ్మ, నా కంటే ముప్పైఏళ్లు చిన్నది, పరుగున వచ్చింది. పాదం చూసి, మోకాలి దాకా గీరి చూసింది. ఎక్కడా స్పర్శ లేదు. "నరాలు గింత దెబ్బతినాలంటే షుగర్ ఏండ్ల సంది ఉన్నట్టే. లాస్ట్ టెస్ట్ ఎప్పుడు చేసిన్రు?" అని నన్ను అడిగింది.

రిజిస్టర్ తెరిచాను. టైలర్ పేరు. పక్కన బరువు గడి, బీఎంఐ గడి, షుగర్ గడి. షుగర్ గడిలో గీత. అంతకు ముందు నెలా గీత. పేజీలు వెనక్కి తిప్పుతూ పోయాను. ఇరవైరెండు నెలలు, ఇరవైరెండు గీతలు, అన్నీ నా చేతివే. ఎంత చక్కగా, స్కేలు పెట్టినట్టు గీశానో! డాక్టరమ్మ గోడ మీది చార్టు వైపు చూసి, మళ్లీ రిజిస్టర్ వైపు చూసి, ఫోన్ తీసి అంబులెన్సుకు చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

బండి వచ్చేలోపు నేను బీరువా తాళం తీశాను. ఎందుకో చెప్పలేను. మిషన్ పిడులు ఆయన చేతుల్లో పెట్టాను. ముప్పైఆరు. అరవై ఒక్క కిలోల్లో ఇరవైరెండు కిలోలు కొవ్వు. నేను మెచ్చుకున్న ఆ సన్నటి మనిషి ఎన్నాళ్ల నుంచో అక్కడ లేడు. నేను నెలనెలా వేరే ఎవరినో తూచి, ఆయన పేరు మీద రాసుకున్నాను.

హైదరాబాద్‌లో రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది, ప్రాణం దక్కింది. ఆయనను బండెక్కించిన సాయంత్రమే చార్టు చింపాను. మర్నాటి నుంచి రంగుతో పని లేకుండా అందరి వేళ్లూ గుచ్చాం. పచ్చ చుక్కల్లో మరో ఐదుగురు బయటపడ్డారు. మా హమాలీకి షుగర్ లేదు, బీపీ లేదు. సంగతంతా విని ఆయన అన్నాడు: "సంచి తూకం చూసి లోపలి మాల్ చెప్తరా సిస్టరమ్మా? వడ్లున్నయా, ఊక ఉన్నదా, విప్పి చూడాలె గద." ముప్పైమూడేళ్ల సర్వీసుకు ఆ ఒక్క ముక్క మా ట్రైనింగ్ పుస్తకంలో ఉంటే బాగుండేది.

టైలర్ తిరిగి వచ్చాక దుకాణానికి వెళ్లి అంతా చెప్పాను. స్ట్రిప్పులు, చార్టు, గీతలు, శాలువా, ఏదీ దాచలేదు. తప్పైందన్నాను. ఆయన కత్తెర తుడిచి బల్ల మీద పెట్టాడు. "నేను గూడ కొలిచి కోసెటోన్నే," అన్నాడు. "ఒకసారి కత్తెర పడ్డంక గుడ్డ అతుకది." క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. వెనక గదిలో తీగ మీద చొక్కాలు ఇంకా ఉన్నాయి.

నేను రిటైరైన రోజు ఆయన కుంటుకుంటూ వచ్చాడు. పూలదండలు అయిపోయాక కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. విప్పితే తెల్లకోటు. "మీరు మెదక్ వచ్చిన ఏడు నా బుక్కుల రాసుకున్న మీ కొలత ఉండె. గదానికే కుట్టిన. మీది గింత గూడ మారలే అంటరు గద," అన్నాడు. ఆయన ముఖంలో వెక్కిరింత లేదు. ప్రేమ ఉందో లేదో కూడా తెలియలేదు.

అందరూ వేసుకోమన్నారు. వేసుకున్నాను. భుజాలు జారిపోయాయి. కోటు చేతుల్లో నా చేతులు కర్రల్లా ఆడాయి. ముందు గుండీలు మాత్రం పొట్ట మీద కలవలేదు, నాలుగు వేళ్ల ఎడం. అంతా నవ్వారు, నేనూ నవ్వాను. పొద్దున్నే తూచుకున్నాను, యాభైఆరు కిలోలు. ఇల్లు చేరాక ఆ కోటును బీరువా అడుగున పెట్టాను. ఊరందరి వేళ్లు గుచ్చిన నేను నా వేలు గుచ్చుకోలేదు. భయం. ఇంకే పేరూ పెట్టను దానికి. కొన్ని మధ్యాహ్నాలు బీరువా ముందు నుంచి పోతుంటే, లోపల నా పాత కొలత నిలబడి ఉందనిపించేది.

మూడు నెలలకు నిజాంపేట దిక్కు ఊళ్లో ఉన్న మా అక్క దగ్గరికి పోయాను. బడిలో దవాఖాన క్యాంపు పెట్టారు. అక్కను తీసుకుపోయి, ఆమె వెనకే వరుసలో నేనూ నిలబడ్డాను. నేనెవరో అక్కడ ఎవరికీ తెలియదు. బల్ల దగ్గర ఒక చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. తల వంచుకునే నన్ను కాంటా ఎక్కించింది, ఎత్తు రాసింది, పట్టిక చూసింది. పచ్చ చుక్క తీసి కార్డుకు అంటించింది.

"అయిపోయింది, పొండ్రి అమ్మమ్మా."

"షుగర్ చూడవా బిడ్డా?"

ఆ పిల్ల తల ఎత్తలేదు. తర్వాతి కార్డు లాక్కుంటూ, ఎక్కాలు అప్పజెప్పినట్టు అంది: "పచ్చ చుక్కకు సూది దండుగ."

ఆమె వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఫోటోకు ఫోటో తీసి, ప్రింటుకు ప్రింటు తీసి అక్షరాలు బూజు పట్టినట్టున్నాయి. అయినా ఆ వంకర 'చ' నాదే. మెదక్ గోడ మీద చింపేశాననుకున్నది ఇక్కడ, నేనెన్నడూ అడుగు పెట్టని బడిలో, నా ముందే నిలబడి నన్ను పొమ్మంటోంది.

నేను పోలేదు. వెనకవాళ్లు గొణుగుతున్నారు. బల్ల మీద వేలు చాపి పెట్టాను.

"గుచ్చు బిడ్డా," అన్నాను. "ఆ రాసినామె నేనే. తప్పు రాసిన."

విసుక్కుంటూనే గుచ్చింది. రక్తం చుక్కను స్ట్రిప్పుకు అంటించి, మిషన్ వైపు చూసింది. ఐదు సెకన్లు. అంకె వచ్చింది.

అప్పుడు ఆ పిల్ల మొదటిసారి తల ఎత్తి నా ముఖం చూసింది.